మైకు మన చేతికొచ్చిన ఆ ఒక్క నిమిషం

సభ చివర్లో నాయకుడు "ఇక మీరు అడగండి" అంటాడు. మైకు వేదిక దిగి జనంలోకి వస్తుంది. కొబ్బరితోట పక్కన వేసిన షామియానాలో వెనక వరుసల వాళ్లు కూడా కుర్చీల్లో ముందుకు జరుగుతారు. "సార్, మా గోదారి వంటల్లో మీకు ఏది ఇష్టం?" అని ఎవరో అడుగుతారు. "పులస పులుసేనండి, అందులో డౌటేముంది" అంటాడాయన. నవ్వులు, చప్పట్లు. రెండో ప్రశ్న అభిమాన హీరో గురించి. మూడో మనిషి ప్రశ్న అడగడు, మైకు పట్టుకుని పొగుడుతాడు. గోదారి మధ్యనున్న లంక ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మొదటి నుంచీ చేయెత్తి నిలబడే ఉంటుంది. అంతలో "సార్‌కి ఇంకో ప్రోగ్రాం ఉంది" అని ప్రకటిస్తారు. కార్లు బయల్దేరతాయి.

మొన్నామధ్య మా విలేకరి చూసొచ్చిన సభ ఇది. పాలకొల్లులో పెట్టినా, రాజోలులో పెట్టినా, రామచంద్రపురంలో పెట్టినా తంతు ఇంచుమించు ఇలాగే ఉంటుంది. అన్ని పార్టీల సభలూ ఇంతే. నాయకులను పదిమందిలో సరదా ప్రశ్నలు అడగాలా, గట్టి ప్రశ్నలు అడగాలా అన్న మాట వచ్చినప్పుడు మాకు ముందుగా ఆ పెద్దావిడే గుర్తొస్తుంది. మా అభిప్రాయం దాచుకోం. మైకు జనం చేతికి వచ్చేదే ఎప్పుడో ఒకసారి. ఆ కొద్దిపాటి సమయం ముందు అవసరంలో ఉన్నవాళ్లది. సరదా ప్రశ్న వరుసలో చివర నిలబడాలి.

సరదా అంటే మాకు పడదని ఎవరూ అనుకోవద్దు. మాటకు మాట అంటించడం ఈ గట్ల మీద పుట్టిన అందరికీ వచ్చిన విద్యే. నవ్వుతూ ఒక మాట అడిగితే నాయకుడు కాస్త బిగువు వదిలి మామూలు మనిషిలా మాట్లాడతాడు. మనం ఓటేసేది ఎలాంటి మనిషికో తెలుసుకోవాలన్న కోరిక న్యాయమైనదే. అయితే ఈ సరదా అందరికీ ఒకేలా ఉండదు. మహిళా అభ్యర్థిని "వంటొచ్చా అండీ, ఇంటి దగ్గర పిల్లల్ని ఎవరు చూస్తున్నారు" అని నవ్వుతూ అడుగుతారు. పక్క నియోజకవర్గంలో ముగ్గురు పిల్లలున్న మగ అభ్యర్థిని ఆ ప్రశ్న అడిగినవారిని మేము చూడలేదు. ఆమె కూడా నవ్వుతూనే జవాబు చెప్పాలి, లేకపోతే పొగరంటారు. ఈ రకం ప్రశ్నలను సరదా అని పిలవడానికి మేము ఒప్పుకోం.

సరదా ప్రశ్నతో ఇంకో చిక్కు ఉంది. అది పక్కనున్న ప్రశ్నలన్నిటినీ మింగేస్తుంది. 1994లో అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఎంటీవీ కార్యక్రమంలో యువత ముందు కూర్చున్నారు. హింస, నేరాల గురించి మాట్లాడటానికి పెట్టిన కార్యక్రమం అది. 17 ఏళ్ల అమ్మాయి ఒకరు ఆయన ఏ రకం లోదుస్తులు వేసుకుంటారని అడిగింది, ఆయన జవాబు చెప్పారు. ముప్పై ఏళ్లు దాటినా లోకానికి గుర్తున్నది అదొక్కటే. తుపాకుల గురించి, వీధుల్లో చనిపోతున్న పిల్లల గురించి ఆ రోజు ఏం మాట్లాడారో చెప్పమంటే చెప్పగలిగినవారు అరుదు. మన దగ్గర 2019 ఏప్రిల్‌లో, లోక్‌సభ ఎన్నికల దశలు నడుస్తుండగానే, ప్రధాని నరేంద్ర మోదీని నటుడు అక్షయ్ కుమార్ ఇంటర్వ్యూ చేశారు. రాజకీయాలు లేని సంభాషణ అని ముందే చెప్పారు. అందులోని మామిడిపండ్ల ముచ్చట ఇప్పటికీ ఊరూరా తెలుసు. ఓట్లు పడుతున్న వారాల్లో జనం చెవిన పడాల్సింది అదేనా అన్నది మా బాధ. ఇంకే పార్టీ నాయకుడు అక్కడ కూర్చున్నా మేము ఇదే అడుగుతాం.

అలాగని గట్టి ప్రశ్న అంటే పెద్దపెద్ద మాటలు, గొంతు చించుకోవడం అనుకోకూడదు. 2013లో బ్రిటన్ ప్రధాని డేవిడ్ కామెరాన్‌ను ఒక రేడియో కార్యక్రమంలో చౌక రకం రొట్టె ధర ఎంతో చెప్పమన్నారు. పౌండు దాటే ఉంటుందన్నారు ఆయన. దుకాణాల్లో అది అందులో సగం ధరకే దొరుకుతోంది. వినడానికి కబుర్లలో అడిగే మాటలా ఉన్నా, పేదవాడి బుట్టకూ పాలకుడికీ మధ్య దూరం ఎంతో అది చెప్పేసింది.

మనకూ అలాంటి ప్రశ్న ఒకటుంది. "బస్తా ధాన్యం మద్దతు ధర ఎంతండీ?" 2025-26కి సాధారణ రకం క్వింటాకు కేంద్రం ప్రకటించింది 2,369 రూపాయలు. మన లెక్క 75 కిలోల బస్తా కాబట్టి 1,776 రూపాయల 75 పైసలు. వరి పండించే నియోజకవర్గం నుంచి గెలిచిన మనిషి ఈ అంకె తడుముకోకుండా చెప్పగలగాలి. చెప్పాక రెండో ప్రశ్న వేయాలి: మా కళ్లం దగ్గర చేతికొచ్చింది ఎంత? ఊళ్లో రైతు సేవా కేంద్రంలో తీసిన తేమ శాతం మిల్లు దగ్గరకు వెళ్లేసరికి మారిపోతోందని రైతులు మొత్తుకుంటున్నారు. కొనుగోలుకు ఒప్పుకునే తేమ 17 శాతం; దానికి అటూ ఇటూ అయిన ఆ ఒకటి రెండు అంకెల్లో రైతు ఇంట్లో పిల్ల ఫీజు ఉంటుంది. ఆ తేడాకు ఎవరు పూచీ అని అడిగితే పులస కబుర్లతో తప్పించుకునే దారి ఉండదు.

మాకు ఎక్కువ బాధ కలిగించేది గట్టి ప్రశ్నను మెత్తగా అడగడం. "కోనసీమకు రైలు వస్తుందా సార్?" అని పాతికేళ్లుగా అడుగుతున్నాం. "తప్పకుండా వస్తుంది" అని పాతికేళ్లుగా చెబుతున్నారు. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా బ్రిటిష్ రోజుల్లో రైలు ఉండేది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పట్టాలు పీక్కుపోయారు. 2004లో ఆ లైను తిరిగొచ్చింది. కోటిపల్లి నుంచి నర్సాపురం దాకా దాదాపు 57 కిలోమీటర్ల కొత్త లైను 2000-01లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వసిష్ఠ మూడు పాయలూ దాటాలి, తేలిక పని కాదని మాకూ తెలుసు. గౌతమిలో స్తంభాలు లేచాయి. అమలాపురంలో ఆ లైను మంజూరైన ఏడాది పుట్టిన పిల్లలకు ఇప్పుడు పెళ్లిళ్లు అవుతున్నాయి, రైలు మాత్రం రాలేదు. వస్తుందా అని అడిగితే వస్తుందనే అంటారు. రాష్ట్రం కట్టాల్సిన వాటాలో ఇప్పటికి ఎంత కట్టారు, ఎంత మిగిలింది, ఏ మండలంలో ఎన్ని ఎకరాల భూసేకరణ ఆగింది, పోయిన ఏడాది మీరు ఇదే ఊళ్లో చెప్పిన గడువు ఏమైంది అని అడగాలి. అంకె, తేదీ, ఊరి పేరు ఉన్న ప్రశ్నకు చప్పట్లు పడకపోవచ్చు. జవాబు మాత్రం కాగితం మీద రాసుకోవడానికి వీలుగా వస్తుంది.

లోక్‌సభలో ప్రశ్నోత్తరాల సమయం పెట్టింది ఇందుకే. ముందుగా నోటీసు ఇచ్చి అడిగిన ప్రశ్నలకు మంత్రి సభలో నిలబడి జవాబు చెప్పాలి. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకు మంత్రి నోటితో చెప్పాక సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. అసలు బలమంతా ఆ అనుబంధ ప్రశ్నలోనే ఉంది. మొదటి జవాబు అధికారులు రాసిచ్చింది, రెండోది మంత్రి తనంతట తాను చెప్పాల్సింది. మన అమలాపురం నుంచి వెళ్లిన బాలయోగి గారు 1998 నుంచి 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో కన్నుమూసేదాకా ఆ సభకు స్పీకర్‌గా ఉండి ఆ ప్రశ్నల్ని నడిపించారు. దేశం ప్రశ్నలడిగే గంటకు పెద్దగా కూర్చున్న మనిషిది ఈ డెల్టా. మన ఊరి షామియానాలో మాత్రం అనుబంధ ప్రశ్న అన్నదే లేదు. జవాబు పూర్తి కాకముందే మైకు లాగేసుకుంటారు.

ప్రశ్న పట్టించుకోకపోతే ఏమవుతుందో ఈ నేల చూసింది. మురుగు కాలువల్లో పూడిక తీయండి, నీళ్లు వేళకు వదలండి, పెట్టుబడైనా రాని ధరకు ధాన్యం ఎలా అమ్మాలో చెప్పండి అని కోనసీమ రైతులు ఏళ్ల తరబడి అడిగారు. 2011 సార్వాలో, అంటే వానాకాలం పంటకు, నాట్లు వేయకుండా పొలాలు వదిలేశారు. పంట విరామం అన్న మాట దేశమంతా వినిపించాక ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. అన్నం పెట్టే రైతు నారుమడి వదులుకుంటే గానీ ప్రశ్న చెవికెక్కలేదు. గ్యాస్ విషయమూ అంతే. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో పైపులైను పేలి నిద్రలో ఉన్నవాళ్లు కాలిపోయారు. మా ఇళ్ల పక్కనుంచి వెళ్లే పైపును ఆఖరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు అన్న ప్రశ్నకు ఈ ఊళ్లలో ఏ సభలోనైనా మొదటి హక్కు ఉంది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. జనం సరదా ప్రశ్నలు అడిగేది తెలియక కాదు, చాలాసార్లు భయంతో. నలుగురిలో డ్రెయిన్ గురించి అడిగితే రేపు పింఛను జాబితాలో పేరుంటుందా, ఇంటి స్థలం పట్టా ఆగిపోతుందా అన్న టెన్షన్ ఊరి మనిషికి ఉంటుంది. పక్కనే నిలబడ్డ చోటా నాయకుడి చూపు చాలు, నోట్లో మాట వెనక్కి పోతుంది. కాబట్టి గట్టిగా అడగండి అని జనానికి చెప్పి ఊరుకుంటే సరిపోదు. పేరు రాయకుండా, ఊరు మాత్రం రాసి చీటీల మీద ప్రశ్నలు వేయించి, అందులోంచి లాటరీ తీసి చదవాలి. మొదటి చీటీలు లంకలవి, కాలువ శివారు ఊళ్లవి కావాలి. నాయకుడికి జవాబు తెలియకపోతే "తెలియదు, ఫలానా తేదీకి చెప్తాను" అనాలి. అలా అన్నవారిని ఎవరూ ఎగతాళి చేయకూడదు, మేమూ చేయం. పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఏడాదికి కనీసం రెండుసార్లు గ్రామసభ జరగాలి. అక్కడ అడిగింది మినిట్స్ పుస్తకంలో రాయించాలి. ఆ తర్వాత సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాల్సిందే.

మా తప్పు కూడా ఉంది. అభ్యర్థులతో మేము జరిపిన ముఖాముఖిల్లో సినిమాలతో, వంటలతో మొదలుపెట్టి, మంచినీళ్ల చెరువుకు చివరి రెండు నిమిషాలు మిగిల్చిన సందర్భాలు ఉన్నాయి. అవే ఎక్కువమంది చదువుతారని అనుకున్నాం. వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేశాక ఉప్పునీటి బోరు తప్ప దిక్కులేని తీరం ఊళ్ల పాఠకులకు మేము అన్యాయం చేశాం. ఇకమీదట మా ముఖాముఖిల్లో మొదటి ప్రశ్న ఒక పాఠకుడిదో, పాఠకురాలిదో అవుతుంది. నాయకుడు చెప్పిన గడువు తేదీన అదే ప్రశ్న మళ్లీ అచ్చేస్తాం.

ఆ రోజు కార్లు వెళ్లిపోయాక మా విలేకరి ఆ పెద్దావిడ దగ్గరకు వెళ్లి ఏం అడుగుదామనుకున్నారని అడిగాడు. ధవళేశ్వరం దగ్గర నీరు 11.75 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని ఆమె గడగడా చెప్పింది. 2022 జులైలో మూడోది కూడా దాటిన వరదను లంకలో ఉండి చూసింది. కోడలికి ఇప్పుడు ఆరో నెల. లంక దాటాలంటే పంటు అనే పెద్ద పడవే దిక్కు. ఆమె అడగాలనుకున్నది ఇది: "నీళ్లొచ్చి పంటు ఆపేసిన రాత్రి నొప్పులొస్తే, మా పిల్లని ఏ రేవు నుంచి, ఏ పడవ మీద, ఎవరు దాటిస్తారు బాబూ?"