నాటుకోడికి టీకా అక్కర్లేదన్న ప్రచారంపై

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ ప్రాంతాల్లోని తెలుగువారి వాట్సాప్ గుంపుల్లో నాటుకోళ్ల పెంపకం గురించి ఒక సందేశం విస్తృతంగా తిరుగుతోంది. నాటుకోడికి పుట్టుకతోనే రోగనిరోధక శక్తి ఉంటుందని, టీకాలు ఫారం కోళ్ల కోసం కంపెనీలు పెట్టిన వ్యాపారమని అందులో రాశారు. కోళ్లను ఊడ్చిపెట్టే అంటురోగమైన కొక్కెర తెగులు సోకితే వెల్లుల్లి, పసుపు, మిరియాలు నూరి మూడు పూటలా గొంతులో పోయాలట. గూట్లో బూడిద చల్లితే మిగిలిన రోగాలేవీ దగ్గరికి రావట. కుక్క కరిచినా, ముంగిస కొరికినా గాయంలో కిరోసిన్ పోసి కారం అద్దాలట. అప్పటికీ తేరుకోకపోతే టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ గొట్టం మాత్రలు విప్పి నీళ్లలో కలపాలని, దానికీ లొంగకపోతే కోడి చావకముందే సంతలో అమ్ముకోవాలని చెప్పి సందేశం ముగించారు.

ఇది ఇంతగా వ్యాపించడానికి కారణం లేకపోలేదు. ఒడిశా పశుసంవర్థక శాఖ పంచే కరపత్రాలు ఒడియాలో ఉంటాయి. ఇంట్లో తెలుగు మాట్లాడి, తెలుగే చదివే కుటుంబాల చేతికి తెలుగులో అందే సలహా ఇటువంటి సందేశమే. పైగా ఇందులో కొంత నిజమూ కలిసి ఉంది. పెరట్లో తిరిగి ఏరుకు తినే కోడికి ఎండ, గాలి, పురుగు, ఆకు అన్నీ అందుతాయి కాబట్టి దాని పోషణ చాలా వరకు అదే చూసుకుంటుంది. అలా సహజంగా పెంచడం మంచి పద్ధతే. అయితే ఆ పద్ధతి ఏ రోగాన్ని ఆపగలదో, ఏ రోగం దగ్గర దానికి శక్తి లేదో విడదీసి చెప్పకుండా అన్నింటినీ ఒకే గాటన కట్టడమే ఈ సందేశంలోని అసలు దోషం.

ముందుగా రోగనిరోధక శక్తి మాట చూద్దాం. విజయనగరం, శ్రీకాకుళం వైపు డంకి కోడి, మయూర్‌భంజ్, కేంఝర్ వైపు హన్స్‌లి కోడి గట్టి జాతులన్న మాట వాస్తవం. అవి ఎండకు ఓర్చుకుంటాయి, కుక్కను తప్పించుకుంటాయి, తమ గుడ్లు తామే పొదుగుతాయి. కాని ఈ గట్టితనానికీ కొక్కెర తెగులుకూ సంబంధం లేదు. ఈ తెగులును పశువైద్యులు రాణిఖేత్ వ్యాధి అంటారు. ఇంగ్లండులోని న్యూకాసిల్ దగ్గర, ఇండోనేసియాలోని జావాలో 1926లో దీన్ని గుర్తించారు. ఆ వెంటనే మన దేశంలో హిమాలయ కొండల్లో ఉన్న రాణిఖేత్‌లో కనిపించడంతో ఇక్కడ ఆ ఊరి పేరు స్థిరపడింది. అప్పటికి మన దేశంలో బ్రాయిలర్ పరిశ్రమే లేదు. అంటే తొలినాళ్లలో ఈ రోగానికి బలైన కోళ్లు పల్లెల్లో తిరిగే పెరటి కోళ్లే. రోగం ఫారాల్లో పుట్టిందని, నాటుకోడికి అంటదని చెప్పేవారు ఈ ఒక్క విషయం ఆలోచించినా చాలు.

మా ఊళ్లో రెండేళ్లుగా టీకా లేకుండానే కోళ్లు బాగున్నాయని కొందరు చెబుతారు. అది అబద్ధం కాదు. రోగం ఒకసారి ఊరిని ఊడ్చిపెట్టినప్పుడు బతికి బయటపడ్డ కొద్ది కోళ్లకు కొంతకాలం రక్షణ ఉంటుంది. ఆ తర్వాత వాటి పిల్లలు, పిల్లల పిల్లలు పెరిగి ఊరి నిండా రక్షణ లేని కోళ్లు తయారవుతాయి. అప్పుడు సంత నుంచి ఒక్క జబ్బుకోడి వస్తే, రక్షణ లేని మందలో పదింటికి తొమ్మిది పోవచ్చు. మధ్యలో గడిచిన ప్రశాంతమైన కాలాన్ని జాతి బలంగా లెక్కవేయడం పొరపాటు. ఆ కాలంలో రోగం ఊరికి చేరలేదు, అంతే.

టీకా వ్యాపారమనే ఆరోపణకు కాస్త వివరంగా జవాబు చెప్పాలి, ఎందుకంటే దీని వెనుక చాలామందికి స్వానుభవం ఉంది. టీకా వేసిన వారానికే కోళ్లు చచ్చాయని, గుడ్లు ఆగిపోయాయని చెప్పేవారు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. వారు చూసింది నిజమే, చెప్పే కారణం మాత్రం సరైనది కాదు. కొక్కెర తెగులు సోకిన కోడిలో లక్షణాలు బయటపడడానికి సాధారణంగా ఐదారు రోజులు పడుతుంది, ఒక్కోసారి రెండు వారాలు కూడా పట్టవచ్చు. టీకా వేశాక శరీరంలో రక్షణ ఏర్పడడానికి వారం, పది రోజులు కావాలి. పక్కవీధిలో కోళ్లు చస్తున్నాయని విని పరుగున టీకా వేయిస్తే, అప్పటికే లోపల రోగం ఉన్న కోళ్లు ఎలాగూ చస్తాయి, నింద టీకా మీద పడుతుంది. రెండో కారణం, ఆర్‌2బి అనే టీకా కొంత తీవ్రత ఉన్న సజీవ టీకా కావడం. చిన్న కోడిపిల్లలకో, కడుపులో నట్టలు నిండి నీరసించిన కోళ్లకో దాన్ని వేస్తే జ్వరం, కాళ్లు పడిపోవడం వంటివి రావచ్చు, గుడ్లు పెట్టే కోళ్లలో కొన్నాళ్లు గుడ్లు తగ్గవచ్చు. అందుకే దానికి ఒక వరుస ఉంది. పిల్లకు ఐదు నుంచి ఏడు రోజుల వయసులో లసోటా లేదా ఎఫ్‌1 అనే టీకా చుక్క కంట్లో వేస్తారు, నాలుగో వారంలో లసోటా మళ్లీ వేస్తారు, ఎనిమిదో వారంలో ఆర్‌2బిని రెక్క దగ్గర చర్మం కింద అర మిల్లీలీటరు ఎక్కిస్తారు. ఈ చివరి టీకాకు వారం ముందు నట్టల మందు తాగించడం మంచిది. ఆ తర్వాత ఆరు నెలలకోసారి ఆర్‌2బి వేయిస్తుండాలి.

కంట్లో చుక్క వేయడం చూడడానికి చిన్న పనే గాని, పల్లెల్లో టీకా పని చేయకపోవడం చాలాసార్లు ఇక్కడే మొదలవుతుంది. పిల్లను ఎడమ అరచేతిలో పట్టుకుని, తల ఒక పక్కకు వాల్చి, చుక్క కంటి మీద పడ్డాక పిల్ల రెప్ప ఆడించి ఆ చుక్క లోపలికి ఇంకేదాకా వదలకూడదు. తొందరపడి వదిలేస్తే పిల్ల తల విదిలిస్తుంది, చుక్క నేల పాలవుతుంది, టీకా వేసినట్టు లెక్కలో మాత్రం రాసుకుంటాం. ఇంతకంటే పెద్ద చిక్కు చల్లదనం. పొడి రూపంలో ఉండే ఈ టీకా సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, నీళ్లు కలిపిన తర్వాత గంట, రెండు గంటల్లో వాడేయాలి. సీసా ఒక్కటి వంద కోళ్లకో, అంతకంటే ఎక్కువ కోళ్లకో సరిపోతుంది, ఇంటికి మాత్రం పదో, పదిహేనో కోళ్లు ఉంటాయి. ఇరవై ఇళ్లవారు కలిసి ఒకే ఉదయం పూట కోళ్లను గూళ్లలోంచి వదలకముందే వేయించుకుంటే సీసా వృథా కాదు. లైవ్‌స్టాక్ ఎయిడ్ సెంటర్‌కు (పశువైద్య ఉపకేంద్రానికి) ముందుగా చెప్పి ఐసు నింపిన థర్మాస్‌లో తెప్పించుకోవచ్చు. ఇలా చేసినప్పుడు ఇంటికి పడే ఖర్చు, సంతలో ఒక నాటుపెట్ట పలికే ధరలో చిన్న భాగం కూడా కాదు. దీన్ని కంపెనీల దోపిడీ అనడం ఎలా సమంజసమో సందేశం రాసినవారే చెప్పాలి.

ఇక వెల్లుల్లి ముద్ద. కొక్కెర తెగులు వైరస్ వల్ల వస్తుంది. సోకిన తర్వాత దాన్ని నయం చేసే మందు వంటింట్లోనూ లేదు, ఆసుపత్రిలోనూ లేదు. ఆకుపచ్చని పారుడు, నోరు తెరిచి ఆయాసపడడం, రెక్కలు వాల్చడం, చివరికి మెడ మెలితిరగడం కనిపించాక కొన్ని కోళ్లు వాటంతట అవే బతుకుతాయి. ముద్ద తిని బతికిన ఆ ఒక్క కోడి గురించి ఊరంతా చెప్పుకుంటుంది, అదే ముద్ద తిని చచ్చిన తొమ్మిదింటి ఊసు ఎవరూ ఎత్తరు. కొద్దిపాటి వెల్లుల్లి, పసుపు మేతలో కలిపితే నష్టం లేదు. నీరసించిన కోడి గొంతులో ద్రవం పోయడం మాత్రం ప్రమాదకరం. కోడి నోరు తెరిచి చూస్తే నాలుక మొదట్లోనే గాలిగొట్టం రంధ్రం కనిపిస్తుంది. ఆయాసపడే కోడికి చెంచాతో పోసిన కషాయం తిన్నగా అందులోకి దిగి ఊపిరితిత్తులకు చేరుతుంది. రోగంతో చావాల్సిన కోడి ఊపిరాడక ముందే చస్తుంది. తప్పనిసరిగా తాగించాల్సి వస్తే నోటి అంచున చుక్క చుక్కగా జారవిడిచి అది మింగేదాకా ఆగాలి.

బూడిద విషయంలో సందేశం సగం ఒప్పు. పొయ్యి బూడిద, పొడి మట్టి కలిపి ఒక మూల గుంటలో పోస్తే కోళ్లు పొర్లాడి ఈకల్లోని పేలను చాలావరకు వదిలించుకుంటాయి. మట్టిగోడ నెర్రెల్లో పగలంతా దాగి, రాత్రి బయటికి వచ్చి రక్తం పీల్చే గోమార్లను మాత్రం ఇది తాకదు. అవి మేత లేకుండా నెలల తరబడి బతుకుతాయి, ఒక కోడి నుంచి మరో కోడికి జ్వరాన్ని కూడా అంటిస్తాయి. నెర్రెలు పూడ్చి సున్నం కొట్టడమే దానికి మార్గం. రక్తవిరేచనాలకు కూడా బూడిద చాలదు. మూడు నుంచి ఎనిమిది వారాల కోడిపిల్లలకు, ముఖ్యంగా వానాకాలంలో గూటి నేల తడిగా ఉన్నప్పుడు ఈ జబ్బు వస్తుంది. నేల పొడిగా ఉంచడం, సకాలంలో ఆంప్రోలియం అనే మందు ఇవ్వడం దీనికి పని చేస్తాయి.

గాయాల సంగతి మరీ విచారకరం. కిరోసిన్ పచ్చి మాంసాన్ని కాలుస్తుంది, చర్మం ద్వారా లోపలికీ ఇంకుతుంది. కారం అద్దితే కోడి గాయాన్ని తానే పొడుచుకుని ఇంకా పెద్దది చేసుకుంటుంది. కుక్క గాని, ముంగిస గాని వదిలిన కోడిని ముందు చీకటిగా, వెచ్చగా ఉన్న గంప కింద కాసేపు ఉంచాలి, ఎందుకంటే గాయం కంటే బెదురే దాన్ని త్వరగా చంపుతుంది. తర్వాత గాయం చుట్టూ ఈకలు కత్తిరించి, మరిగించి చల్లార్చిన లీటరు నీటిలో రెండు చిన్న చెంచాల ఉప్పు కలిపి ధారగా కడగాలి, పల్చటి అయోడిన్ ద్రావణం అద్దాలి. ఈగలు వాలకుండా గాయం అంచుల చుట్టూ వేపనూనెలో కలిపిన పసుపు రాయడం మన పెద్దల పద్ధతి, అందులో తప్పేమీ లేదు. రక్తం కనబడితే మిగతా కోళ్లు పొడుస్తాయి కాబట్టి మానేదాకా విడిగా ఉంచాలి.

కోడి శరీర నిర్మాణం తెలియక చేసే రెండు తప్పులను ఇక్కడ చెప్పకుండా ఉండలేను. కోడికి మనలా ఉదరవితానం (ఊపిరితిత్తుల కింద ఉండే కండరపు పొర) లేదు, రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే దానికి ఊపిరి ఆడుతుంది. విరిగిన రెక్కను కదలకుండా ఉంచాలని ఒంటి చుట్టూ గుడ్డ బిగించి కడితే కట్టులోనే ప్రాణం పోతుంది. రెక్కను ముడిచి దానికి మాత్రమే కట్టు వేసి, ఒంటి చుట్టూ తిప్పాల్సి వస్తే వేలు దూరేంత వదులు ఉంచాలి. రెండోది, రెక్క మొదట్లోని పెద్ద ఎముక బోలుగా ఉండి లోపలి గాలితిత్తులకు కలిసి ఉంటుంది. ఆ ఎముక విరిగి బయటికి పొడుచుకు వచ్చిన చోట నీళ్లు గాని, మందు గాని ధారగా పోయకూడదు, అది శ్వాస మార్గంలోకి చేరుతుంది. అటువంటి గాయానికి తడి దూది అద్దడం వరకే మన పని, మిగతాది వైద్యుడిది. కాలు విరిగితే సన్నటి వెదురుబద్ద, మెత్తటి గుడ్డతో కట్టు కట్టవచ్చు. మూడు వారాలు అటూ ఇటూగా ఎముక అతుక్కుంటుంది.

సహజ పద్ధతి అని మొదలుపెట్టిన సందేశం టెట్రాసైక్లిన్ గొట్టం మాత్రల దగ్గర తేలడం విడ్డూరమే. ఆ మందు బ్యాక్టీరియా మీద పని చేస్తుంది గాని వైరస్ మీద చేయదు. దాని అవశేషం మాత్రం మరునాడు పిల్లలకు ఉడకబెట్టి పెట్టే గుడ్డులోకి వస్తుంది. మందుల దుర్వినియోగం వల్లే కేంద్ర ప్రభుత్వం 2019లో కొలిస్టిన్ అనే మందును ఆహారం కోసం పెంచే జంతువులకు, కోళ్లకు వాడకుండా నిషేధించింది.

చివరిది, అన్నింటికంటే హాని చేసేది, జబ్బుకోడిని సంతలో అమ్ముకోమనే సలహా. పాతపట్నం, పర్లాకిమిడి, గుణుపురం సంతలకు ఆంధ్ర, ఒడిశా రెండు రాష్ట్రాల కోళ్లూ వస్తాయి. కాళ్లు కట్టి ఒకే గంపలో కుక్కిన కోళ్లలో ఒక్కదానికి తెగులుంటే సాయంత్రానికి అది కొండ మీది సవర గూడేల వరకూ, కోరాపుట్ వైపు చైత్ర పర్వానికి కోళ్లు కొనుక్కునే ఇళ్ల వరకూ ప్రయాణం చేస్తుంది. అంటురోగాల విషయంలో 2009 నాటి కేంద్ర చట్టం ప్రకారం ఆ చట్టం జాబితాలోని రోగం ఉందని అనుమానం వచ్చినా దాన్ని తెలియజేయడం, ఆ జీవిని విడిగా ఉంచడం యజమాని బాధ్యత. చాలా కోళ్లు ఒక్కసారిగా చస్తుంటే అది కొక్కెర తెగులు అని మనంతట మనం నిర్ణయించుకోకూడదు, బర్డ్‌ఫ్లూ కూడా అలాగే మొదలవుతుంది. దేశంలో తొలిసారి 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడ్డ ఆ రోగం 2025లో గోదావరి జిల్లాల కోళ్లనూ చంపింది. అటువంటప్పుడు కోళ్లను ఉత్తచేతులతో ముట్టకుండా, కోయకుండా పశువైద్యశాలకు గాని, పశువైద్య సహాయానికున్న 1962 ఫోను నంబరుకు గాని తెలియజేయాలి. చచ్చిన వాటిని కాలువలో పారేయకుండా, కుక్కలు తవ్వలేనంత లోతైన గోతిలో సున్నం చల్లి పూడ్చాలి. ఏ జబ్బూ లేని ఇంటివారు కూడా సంతలో కొత్తగా కొన్న కోడినే కాదు, అమ్ముడుపోక తిరిగి తెచ్చుకున్న సొంత కోడిని సైతం మూడు వారాలు వేరే గంప కింద, వేరే నీళ్ల చిప్పతో ఉంచి, దానికి మేత వేశాక చేతులు, కాళ్లు కడుక్కున్న తర్వాతే మిగతా కోళ్ల దగ్గరికి వెళ్లాలి.