పెద్దసారు గదిలోని బీరువా గారికి

మహారాజశ్రీ ఇనుప బీరువా గారికి,

దేవరకొండ దిక్కున ఉన్న మా ఊరి సర్కారు బడి నుంచి, బడి కమిటీలో ఉన్న ఒక తల్లి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు క్షేమమేనా అని అడగడం కూడా దండగ. తమరిని ముట్టుకునే దిక్కే లేనప్పుడు తమరికేం కష్టం వస్తుంది?

తమరు మా ఊళ్లో అడుగుపెట్టిన రోజు ఎంత హంగామా! ఈ ఊళ్లో పుట్టి హైదరాబాద్‌లో, అమెరికాలో స్థిరపడ్డవాళ్లు, ఇక్కడే ఉన్న వ్యాపారస్తులు కొందరు తలా ఇంత వేసుకుని ఒక ఫౌండేషన్ పెట్టారు. సర్కారు బడి పిల్లలకు చదవడం, రాయడం బాగా రావాలన్నది వాళ్ల ఆశయం. మంచి ఆశయమే. ఆ ఆశయం ట్రాలీ ఆటోలో తమరి రూపంలో దిగింది, కడుపు నిండా పిల్లల కథల పుస్తకాలతో. షామియానా వేశారు, ఫ్లెక్సీ కట్టారు, కొబ్బరికాయ కొట్టారు. శాలువాలు తక్కువపడితే ఒకాయనకు కప్పింది మెల్లగా తీసి ఇంకొకాయనకు కప్పారు. ఎండలో కూర్చున్న పిల్లలకు చప్పట్లు కొట్టే పని అప్పజెప్పారు. ముఖ్య అతిథి తమరి తలుపు తీసి, ఒక పుస్తకం లాగి, ఒక పాప చేతిలో పెట్టి ఫొటో దిగాడు. ఫొటో అయిపోగానే పుస్తకం లోపలికి పోయింది. ఆ పాప చదువు అట్ట మీది ఏనుగు బొమ్మ దాకా సాగింది.

ఆ సాయంత్రమే తమరికి తాళం పడింది.

పెద్దసారును అడిగాను. "పిల్లలకు ఇస్తే చింపుతరమ్మా. రేపు నేను బదిలీ అయితే కొత్త సారు లెక్కపెట్టుకోనిదే చార్జి తీసుకోడు. ఒక్కటి తక్కువొచ్చినా నా జీతంలకెల్లి కట్టాలె" అన్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు. స్టాక్ రిజిస్టర్లో కుర్చీలు, బెంచీలు, బకెట్ల వరసలోనే కథల పుస్తకాలనూ ఎక్కించారు. కింద సంతకం ఆయనది. బకెట్ పోతే ఎవరు జవాబు చెప్పాలో, పుస్తకం పోయినా వాళ్లే చెప్పాలి. భయపడ్డ మనిషికి తమరు తోడు దొరికారు, అంతే.

అయితే ఈ భయం గురించి ఢిల్లీలో లెక్కలు రాసేవాళ్లు ఏమన్నారో తమరికి చదివి వినిపిస్తాను. తమరికి చదువు రాదని కాదు, లోపల చీకటి కదా. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు, 2017లో 215వది లైబ్రరీ పుస్తకాల గురించి. ఏడాదిలో పాఠకులు తీసుకున్న ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోతే, అందులో మోసమో నిర్లక్ష్యమో లేనంతవరకు, సమంజసమైన నష్టం కింద లెక్కగట్టవచ్చునట. వెయ్యి రూపాయలకు మించిన పుస్తకమో, అరుదైన పుస్తకమో పోతే మాత్రం విచారణ తప్పదు. అది కేంద్రం తన ఆఫీసుల కోసం రాసుకున్న నియమమే, మా మండలానికి రాసింది కాదు. కానీ పైసా పైసాకు రసీదు అడిగేవాళ్లే పుస్తకమన్నాక పోతుందని ఒప్పుకున్నారు. మా పిల్లల బొమ్మల పుస్తకం, పదహారు పేజీలది, దానికి ఇంత కాపలానా?

ఇందులో తమరికి నచ్చే కిటుకు ఒకటుంది. చదవడానికి ఇస్తేనే పుస్తకం పోతుంది. ఒక్కటీ ఇవ్వకపోతే ఒక్కటీ పోదు. ఈ లెక్కన నష్టం సున్నా. రాష్ట్రంలో ఉత్తమ లైబ్రరీ అవార్డు తమరికే రావాలి.

పూర్తిగా సున్నా కూడా కాదులెండి. అడుగు అరలో చెదలు పట్టాయి. అవి పెద్దసారును అడిగి తీసుకోలేదు, రిజిస్టర్లో సంతకం పెట్టలేదు. మా బడి మొత్తంలో ఆ పుస్తకాలను అట్ట నుంచి అట్ట దాకా ముగించినవి అవే.

ఫౌండేషన్ వాళ్లను పూర్తిగా తిట్టడానికి నాకు మనసొప్పదు. తమరితో పాటు ఇంకొక మంచి పని కూడా చేశారు వాళ్లు. ఊళ్లో డిగ్రీ చదివిన అమ్మాయికి నెలకు ఇంతని ఇచ్చి, బడి వదిలాక ఒక గంట పిల్లలతో కూర్చోబెడుతున్నారు. ఆమె కూర్చునేది వరండాలో. ఫ్లెక్సీ లేదు కాబట్టి ఆ సంగతి చాలామందికి తెలియదు. ఒకరోజు నేనూ పక్కన కూర్చున్నాను. నాలుగో తరగతి పిల్లాడొకడు తెలుగు వాచకం తీసి గడగడ చదివేశాడు. నేను మురిసిపోయాను. ఆ అమ్మాయి మాత్రం వాడి వేలు చూడమని నాకు సైగ చేసింది. చూపుడు వేలు రెండో లైను మీదుంది. నోరు నాలుగో లైను దాటిపోయింది. ఆమె పేజీ మీద అరచెయ్యి పెట్టి మూసింది. వాడు ఆగలేదు, చదువుతూనే ఉన్నాడు!

తర్వాత పలక మీద 'చెరువు కట్ట మీద కుక్క నిద్రపోయింది' అని రాసిచ్చింది. చెరువు బాగానే దాటాడు. 'క...' అన్నాడు. టకు ట వత్తు చూసి ఆమె మొహంలోకి చూశాడు. అక్షరాలొచ్చు, గుణింతాలు ఒక మోస్తరుగా వచ్చు, వత్తు ఎదురైతే ఆగిపోతాడు. వాచకంలో వత్తులకు కొదవేం లేదు. కానీ ఆ పాఠాలన్నీ క్లాసులో అందరూ కలిసి రోజూ అరిచేవి, వాడి చెవికి పట్టేసినవి. కంటికి పని పడాలంటే వాడు ఎన్నడూ వినని వాక్యం కావాలి. అట్లాంటిది ఇవాళొకటి, రేపొకటి, ఏడాది పొడుగునా కావాలి. అవన్నీ ఎక్కడున్నాయో తమరికి వేరే చెప్పాలా?

తండా పిల్లల సంగతి ఇంకో రకం. ఇంట్లో లంబాడీల మాట గోర్‌బోలి, సారు నోట తెలుగు. 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం కూడా వచ్చింది. పుస్తకంలో ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పక్క తెలుగు అచ్చు వేశారు. పిల్ల ఇటు చూడాలో అటు చూడాలో తేల్చుకునేలోపు పాఠం అయిపోతుంది. ఇట్లాంటి పిల్లకు బొమ్మల పుస్తకం ఒక ఆసరా. బొమ్మలో మేక ఉంటే, కింద రాసింది మేక సంగతేనని తనే ఊహించుకుంటుంది. అమ్మానాన్నలతో ఇటుక బట్టీలకు పోయి నెలల తర్వాత తిరిగొచ్చే పిల్లలకైతే క్లాసు ఎక్కడికో పోయి ఉంటుంది. కథల పుస్తకం మాత్రం వాళ్లు వచ్చేదాకా ఆగుతుంది. తాళం లేకపోతే.

ప్రభుత్వమూ ఊరుకోలేదు. 2022లో 'తొలిమెట్టు' పెట్టింది. చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలు పిల్లలందరికీ రావాలంది. మా సార్లు పిల్లల స్థాయిలు రాసి రాసి అలసిపోయారు. ఫలానా పిల్లకు చదవడం రాదని కాగితం మీదికెక్కింది. ఆ పిల్ల చదవాల్సిన కాగితం తమరి దగ్గరుంది.

అయినా తమరి వల్ల చదువు అసలే రాలేదంటే అన్యాయం. తమరి తలుపు మీద ఎర్ర పెయింటుతో 'ఫౌండేషన్ సౌజన్యంతో' అని రాసి, కింద దాతల పేర్లు ఇంటిపేర్లతో సహా వేశారు. సంతకం కోసమో, సుద్దముక్కల కోసమో పెద్దసారు గదికొచ్చిన పిల్లలు నిలబడ్డంతసేపూ చదివేది దాన్నే. మా చిన్నది 'సౌ... జ... న్యం... తో' అని కూడబలుక్కుని, నకు య వత్తు దాటి, గెలిచినట్టు నావైపు చూసింది. మూడో తరగతి మొత్తానికి దాతల పేర్లు వరసగా వచ్చు. మా బడిలో తాళం లేని ఒకే ఒక్క పుస్తకం తమరి తలుపు.

తమరికి కాస్త చరిత్ర కూడా చెప్పాలి. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టినవాళ్లలో మునగాల రాజా నాయని వెంకట రంగారావు ఒకరు. 1922లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నల్లగొండ నుంచి 'నీలగిరి' పత్రిక తెచ్చారు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో 'గోలకొండ' పత్రిక మొదలుపెట్టారు. సభ జరపాలంటే నిజాం సర్కారు అనుమతి కావాల్సిన కాలంలో జనాన్ని కూడగట్టడానికి గ్రంథాలయాలు పనికొచ్చాయి. అప్పట్లో తాళం సర్కారు చేతిలో ఉండేది. ఇప్పుడు మేమే చందాలేసుకుని కొని తెచ్చుకున్నాం.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 23 జిల్లాల్లో అక్షరాస్యతలో అడుగున ఉన్నది మహబూబ్‌నగర్, 55.04 శాతం. మా నల్లగొండ 64.20. ఆనాడు నిరక్షరాస్యుల కింద రాసుకున్న ఆడపిల్లలు కొందరు ఇప్పుడు తల్లులై పిల్లల్ని మా బడికి పంపుతున్నారు. ఆ ఇళ్లలో అచ్చు కాగితమంటే గోడ మీది క్యాలెండరు. పుస్తకం ఆ పిల్లల చేతికి వస్తే బడి నుంచే రావాలి.

మొన్న ఫౌండేషన్ మీటింగుకు కమిటీ తరఫున నన్నూ పిలిచారు. తెర మీద రిపోర్టు చూపించారు. ఇన్ని బీరువాలు, ఇన్ని పుస్తకాలు, ఇంతమంది లబ్ధిదారులు. హాజరు పట్టీలో పేరున్న పిల్లలంతా లబ్ధిదారులే, ఏనుగు బొమ్మ చూసిన పాపతో సహా. ఈసారి ఇంకో బీరువా ఇస్తామన్నారు. ఆ డబ్బు చిరిగిన పుస్తకాల బదులు కొత్తవి కొనడానికి పెట్టమన్నాను. "చిరిగినవాటికి డబ్బులా? దాతలకు ఏం చూపిస్తామమ్మా?" అన్నారొకాయన.

"చిరిగిన పుస్తకాన్నే చూపించండి సార్" అన్నాను.

టీ వచ్చింది, మాట మారింది. కానీ బయటికి వచ్చేటప్పుడు ఇంకొకాయన, బీరువా మాట పక్కనపెట్టి వాలంటీరమ్మాయికి ఇంకో ఏడాది జీతం తాను చూసుకుంటానన్నాడు. ఆయన పేరు తమరి తలుపు మీద లేదు.

ఇక కమిటీ తీర్మానం చిత్తగించండి. పుస్తకాలన్నీ క్లాసు గదుల్లోకి పోతాయి. గోడకు తాడు కట్టి, బట్టలారేసే క్లిప్పులతో పిల్లలకు అందే ఎత్తులో వేలాడదీస్తాం. ఎవరు ఏది తీసుకున్నారో ఐదో తరగతి పిల్లలు నోట్‌బుక్‌లో రాస్తారు. ఏడాది చివర పోయినవి, చిరిగినవి లెక్క తీసి, పెద్దసారు మీదికి రాకుండా కమిటీయే సంతకాలు పెడుతుంది. పెద్దసారు ఈ ఆఖరి మాట రెండుసార్లు చదివించుకుని గానీ ఒప్పుకోలేదు.

తమరికి పని పోతుందని బెంగ వద్దు. అడ్మిషన్ రిజిస్టరు, టీసీ పుస్తకాలు, సర్వీసు కాగితాలు బయట దుమ్ములో పడున్నాయి. నిజంగా తాళం అవసరమైనవి అవి. ఎంతకాలమైనా దాచుకోండి.

సోమవారం ప్రార్థన అయ్యాక వస్తున్నాం. తాళంచెవి ఏ సారు దగ్గరుందో ఇంకా తేలలేదు కాబట్టి వెల్డింగ్ షాపు అతన్ని కూడా రమ్మన్నాం. తమరు సహకరించగలరు.

ఇట్లు,
తమరి విధేయురాలు