పాత కార్డుకు పదికి ఎన్ని మార్కులు?

సేకరించేవాళ్లు కొని అమ్ముకునే ట్రేడింగ్ కార్డుల్లో, బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డుకు ఉన్నంత పేరు మరో దానికి లేదు. బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలతో అమెరికన్ టొబాకో కంపెనీ 1909–11 మధ్య సిగరెట్ పెట్టెల్లో పెట్టి వదిలిన టీ206 సిరీస్‌లోది అది. 1991లో పీఎస్‌ఏ అనే అమెరికన్ సంస్థ గ్రేడింగ్, అంటే కార్డు స్థితిని చూసి పదికి మార్కులు వేయడం, మొదలుపెట్టినప్పుడు ఒకటో నంబరు సర్టిఫికెట్ ఇచ్చింది ఆ వాగ్నర్ కార్డుల్లో ఒకదానికే. గ్రేడ్ 8. అంత పాత సిగరెట్ కార్డుకు అది అసాధారణమైన స్థితి. 2007లో అది 28 లక్షల డాలర్లకు చేతులు మారింది. 2013లో అసలు విషయం బయటికొచ్చింది. ఒకప్పుడు ఆ కార్డు సొంతదారుడైన వేలం వ్యాపారి బిల్ మాస్ట్రో, వేరే మోసం కేసులో నేరం ఒప్పుకుంటూ, ఆ కార్డు అంచులను తానే కత్తిరించినట్టు అంగీకరించాడు.

ఈ ఉదంతాన్ని చూపించి గ్రేడింగే దండగ అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. గ్రేడింగ్ రాకముందు 'మింట్ కండిషన్' (కొత్తదానిలా ఉంది) అని అమ్మేవాడు అంటే నమ్మడం తప్ప కొనేవాడికి దారి లేదు. ఇప్పుడు కనీసం మూడో మనిషి చూసి, నకిలీ కాదని తేల్చి, సీల్ చేసిన ప్లాస్టిక్ కేసులో పెట్టి ఇస్తున్నాడు. నా అభ్యంతరం ఒక్కటే. పాత కార్డు విషయంలో ఆ కేసు మీదుండే ఒక్క అంకెతో మనం చాలా పనులు చేయించుకుంటున్నాం.

ఆ అంకెలో ఏమేం కలిసిపోతాయో చూడండి. గ్రేడర్ ప్రధానంగా చూసేది నాలుగు: సెంటరింగ్, మూలలు, అంచులు, ఉపరితలం. సెంటరింగ్ అంటే బొమ్మకు రెండు వైపులా ఉన్న తెల్ల మార్జిన్ల నిష్పత్తి. 50/50 అయితే సరిగ్గా మధ్యలో ఉన్నట్టు, 70/30 అయితే ఒక పక్కకు బాగా జరిగినట్టు. ఈ లోపం ప్రెస్సులో షీట్లు కోసిన రోజునే వచ్చేసింది. ఆ తర్వాత కార్డును ఎంత ప్రాణంగా దాచినా అది పోదు. మూలలు అరగడం అలా కాదు. ఏ పిల్లవాడో కార్డులన్నీ రబ్బరు బ్యాండు వేసి జేబులో పెట్టుకు తిరిగినందువల్ల వచ్చిందది. వెనకవైపు మైనం మరక ప్యాకెట్ కాగితం నుంచి, బబుల్ గమ్ మరక కార్డులతో పాటు ప్యాకెట్లో పెట్టే గమ్ నుంచి వచ్చాయి. ఇన్ని వేర్వేరు చరిత్రలు కలిసి ఒక్క 6గా మారిపోతాయి. ఒక 6 నాలుగు మూలలూ పదునుగా ఉండి బొమ్మ పక్కకు జరిగింది కావచ్చు. ఇంకో 6 చక్కగా మధ్యలో ఉండి మూలలు మెత్తబడింది కావచ్చు. నాకైతే రెండోదే ఇష్టం. మొదటిదే కావాలనేవాళ్లూ ఉంటారు. అంకెను బట్టి ఇద్దరం ఒకే ధర కట్టాలనడం మాత్రం అర్థం లేనిది.

పైగా అన్ని సిరీస్‌లూ ఒకేలా అరగవు. టాప్స్ అనే కంపెనీ 1971లో తెచ్చిన కార్డుల అంచులు నల్లగా ఉంటాయి, గోరు తగిలినా తెల్లగా బయటపడుతుంది. ఆ ఏడాది కార్డుకు వచ్చిన 7నూ, తెల్ల అంచుల కార్డుకు వచ్చిన 7నూ ఒకే గాటన కట్టలేం.

అసలు ప్రమాదం ధరల దగ్గరుంది. పై గ్రేడ్లలో ధర మెట్లుగా పెరగదు, కొండలా లేస్తుంది. బేస్‌బాల్ ఆటగాడు మికీ మాంటిల్ 1952 టాప్స్ కార్డు పీఎస్‌ఏ 9లో 2021 జనవరిలో 52 లక్షల డాలర్లు పలికింది. అదే కార్డు మరో ప్రతి, ఎస్‌జీసీ అనే ఇంకో గ్రేడింగ్ సంస్థ ఇచ్చిన 9.5తో, 2022 ఆగస్టులో 1.26 కోట్ల డాలర్లకు పోయింది. మధ్యలో మార్కెట్ మారింది, రెండో కార్డుకు 1980ల్లో దొరికిన పేరున్న నిల్వ నుంచి వచ్చిన ఘనత కూడా ఉంది. అవన్నీ పక్కన పెట్టినా, భూతద్దం లేకుండా కనిపించని తేడాకు ఇంత డబ్బు కడితే, బ్లేడు పట్టుకునే చేతులు తయారవుతాయి. మెత్తబడ్డ మూలను కొద్దిగా కోసేస్తే పదును వస్తుంది. రంగు పోయినచోట పూస్తారు, మడతను అదిమి చదును చేస్తారు. దొరికితే సంస్థలు అంకె ఇవ్వకుండా తిప్పి పంపుతాయి, లేదా అసలుదే కానీ మార్చబడిందని రాస్తాయి. దొరకనివి మంచి అంకెతో కేసులో కూర్చుంటాయి.

అందుకే కొనేవాడు తన కళ్లను పనిలో పెట్టాలి. పదిరెట్లు పెద్దది చేసే లూప్‌తో నాలుగు అంచులూ పోల్చి చూడాలి. మూడు పాతబడి, ఒకటి మాత్రం తెల్లగా, నున్నగా ఉంటే అనుమానించాల్సిందే. ఉపరితలమంతా అరిగిపోయి మూలలు మాత్రం సూదుల్లా ఉన్నా అంతే. లైటు కింద కార్డును ఏటవాలుగా తిప్పితే ఎదురుగా కనిపించని ముడత గీతలు పైకి తేలతాయి. గీత కార్డు మీదుందా, ప్లాస్టిక్ మీదుందా అన్నదీ అప్పుడే తెలుస్తుంది. కేసులో లేని కార్డయితే అల్ట్రావయొలెట్ లైటు బాగా పనికొస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి కాగితాల్లో వాడిన మెరుపు రసాయనాలు ఆ వెలుతురులో నీలంగా మెరుస్తాయి. 1910 నాటిదన్న కార్డు అలా మెరిస్తే వదిలేయడం మంచిది. కొలత ఒక్కటే చూసి తీర్పు చెప్పడం మాత్రం తొందరపాటు. టీ206 కార్డుల్లో ఫ్యాక్టరీలోనే చిన్నగా కోసినవి ఉన్నాయి.

బడ్జెట్ పరిమితంగా ఉన్నవాళ్లకు నా సలహా 3 నుంచి 5 మధ్య గ్రేడ్లు. రంగు నిలిచి, మొహం శుభ్రంగా ఉండి, మూలలు సహజంగా గుండ్రమైన కార్డును చూస్తే ఎవరో దాన్ని నిజంగా ఇష్టపడ్డారని తెలుస్తుంది. మోసగాళ్లకూ అక్కడ లాభం తక్కువ. అరుదైన కార్డయితే అంకె చిన్నదైనా భారీ ధర పలకొచ్చు. ఎస్‌జీసీ 3 వచ్చిన ఒక వాగ్నర్ 2021లో 66 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది.

గ్రేడింగ్ సంస్థలు కూడా మారాలి. కార్డు విలువ పెరిగేకొద్దీ వాటి ఫీజు పెరుగుతుంది కాబట్టి, జాగ్రత్త కూడా ఆ మేరకు పెరగాలని అడగడం న్యాయమే. 2021 మార్చిలో పేరుకుపోయిన కార్డులను తట్టుకోలేక పీఎస్‌ఏ చాలావరకు కొత్త కార్డులు తీసుకోవడమే ఆపేసింది. అంత ఒత్తిడిలో వందేళ్ల కాగితానికి దక్కే టైమెంత? బెకెట్ అనే మరో గ్రేడింగ్ సంస్థ చాలాకాలంగా నాలుగు అంశాలకూ విడివిడిగా మార్కులు వేస్తోంది. పాత కార్డులకు అన్ని సంస్థలూ ఆ పద్ధతి పాటించాలి. దాంతోపాటు నాలుగు అంచుల దగ్గరి ఫొటోలు, గ్రేడ్ ఎక్కడ తగ్గిందో ఒక్క వాక్యం, సర్టిఫికెట్ నంబరు కొడితే ఎవరికైనా కనిపించేలా పెట్టాలి. కార్డును కేసులోంచి పగలగొట్టి, మెరుగులు దిద్ది, మళ్లీ పంపినప్పుడు పాత ఫొటో పక్కన కొత్త ఫొటో పెట్టి చూస్తే కత్తిరించిన మిల్లీమీటరు దాగదు.