మాస్కింగ్ టేపు గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ మాస్కింగ్ టేపు గారికి,

కింద గోడ నీలం, పైన సీలింగు తెలుపు. రంగు వేసేటప్పుడు అంచున అంటించి, తర్వాత లాగేసే కాగితపు టేపు కదా, ఈ రెంటి మధ్య సరిహద్దు మీరు కాస్తారని నమ్మి, నిన్న ఆదివారం మొత్తం మీకు సమర్పించుకున్నవాణ్ణి రాస్తున్నాను. మీరు క్షేమమని తలుస్తాను. మా సీలింగు మాత్రం క్షేమంగా లేదు.

మీకు నేను ఏం తక్కువ చేశానండీ? పొద్దున్నే టిఫిన్ కూడా మానేసి స్టూలెక్కాను. మెడ వెనక్కి విరిచి, గది చుట్టూ మిమ్మల్ని అంటించాను. ఎక్కడా గాలి మిగలకూడదని పాత ఏటీఎం కార్డు పెట్టి అంచు పొడుగునా రుద్దాను. చుట్ట మొదలు ఎక్కడుందో గోరుతో వెతుక్కున్న సమయం ఇందులో కలపడం లేదు. మధ్యలో అడ్డంగా చీలి, ఎలక తోకంత సన్నగా ఊడొచ్చిన మూడు సార్లూ కూడా మనసులో పెట్టుకోలేదు.

మొదటి కోటు వేశాక 4 గంటలు ఆగమని డబ్బా మీద ఉంది. ఆగాను. రెండో కోటు వేసి, అదీ బాగా ఆరేదాకా ఆగాను. మా ఆవిడ టీ కప్పుతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏమండీ, నిజంగా గీత గీసినట్టు వస్తుందంటారా?"

"చూస్తూ ఉండు."

చూసింది. కొస పట్టుకుని లాగాను. మొదటి అడుగు చక్కగానే వచ్చింది. తర్వాత అప్పడం విరిగినట్టు చిన్న చప్పుడు. మీతో పాటు సీలింగు డిస్టెంపరు, దానితో పాటు లప్పం, అరచేయంత పెచ్చు ఊడి నా కళ్ళజోడు మీద పడింది. పైన సిమెంటు కనిపిస్తోంది. సరే, పెచ్చు ఊడని చోటైనా గీత బాగుంటుందేమో అని చూస్తే, అక్కడ మీ కిందినుంచి నీలం పైకి పాకి దువ్వెన పళ్ళలా నిలబడింది.

ఇక మర్యాదలు చాలు. ఒక్కటే అడుగుతాను, చెప్పు. పెయింటు లోపలికి దూరకుండా ఆపాల్సిన చోట నీకు పట్టు లేదు. పక్కనే జానెడు దూరంలో లప్పాన్ని ఊడబెరికేంత పట్టు ఉంది. ఒకే ముక్కలో ఈ రెండూ ఎలా కుదిరాయి? నాలుగు గోడల్లో ఒక్కచోట, ఒక్క అడుగు మేర, తారుమారుగా పనిచేసినా నేను గెలిచేవాణ్ణి కదా!

తడి ఆరకముందే నిన్ను లాగెయ్యాలట. ముందు సీలింగు తెలుపే నీ అంచు మీద ఒక చెయ్యి వేసి సందులు మూసి, ఆ తర్వాతే నీలం వెయ్యాలట. పిండిలా రాలే డిస్టెంపరు మీద అసలు నిన్ను పెట్టనే కూడదట. ఇవన్నీ రాత్రి భోజనాల దగ్గర మా బావమరిది చెప్పాడు. నీ చుట్ట మధ్యలో అట్ట ఉందే, దాని మీద ఈ మూడు ముక్కలూ అచ్చు వేయిస్తే నీ సొమ్మేం పోయింది?

ఇవాళ పెయింటర్ వచ్చాడు, యాభై దాటిన మనిషి. పైకి చూసి నవ్వలేదు, నవ్వినా బాగుండేది. "టేపు కార్లకి సార్. గోడకి చెయ్యే," అన్నాడు. 2 అంగుళాల బ్రష్షు ముంచి, డబ్బా అంచుకి ఒకవైపు తుడిచి, గీతకి కాస్త కింద ఆనించి, మెల్లగా పైకి జరిపి, ఊపిరి బిగబట్టి మూడడుగులు లాగాడు. దారం కొట్టినట్టుంది.

అతను అన్నది అక్షరాలా నిజం కూడానూ. 1925లో అమెరికాలో రిచర్డ్ డ్రూ అనే ఆయన నిన్ను తయారు చేసింది, కార్లకి రెండు రంగులు వేసేవాళ్ళ అవస్థ చూసే. నున్నటి రేకు మీద బతకాల్సినవాడివి, మా బిల్డరు పెట్టించిన లప్పం మీదికి ఏ ధైర్యంతో వచ్చావు?

మా తాతగారింట్లో పైన సున్నానికీ కింద ఆయిల్ పెయింటుకీ మధ్య వేలెడు వెడల్పు నల్ల పట్టీ ఉండేది. అందం కోసం అనుకునేవాణ్ణి. వంకరలన్నీ దాని కింద దాక్కున్నాయని నిన్న సాయంత్రం స్టూలు మీద జ్ఞానోదయమైంది.

అన్నట్టు, నిరుడు మా ఆవిడ మీ అన్నగారి చుట్టలోంచి ముక్కలు చింపి, వంటింటి డబ్బాలకి అంటించి పేర్లు రాసింది. తర్వాత పప్పులు మార్చుకుంది. పేరు మార్చుదామంటే ఆ ముక్క ఊడదు. వేన్నీళ్ళలో నానబెట్టింది, కొబ్బరినూనె రాసింది, గోరు విరగ్గొట్టుకుంది. మా ఇంట్లో ఇప్పటికీ కందిపప్పు అని రాసున్న డబ్బాలో మినప్పప్పు ఉంటుంది.

ఇట్లు,
మెడ ఎడమవైపు తిరగని ఒక గృహస్థుడు