ఇంటర్ పర్యావరణ పరీక్ష గారికి బహిరంగ లేఖ

ఇంటర్ ఫస్టియర్ పర్యావరణ విద్య పరీక్ష గారికి,

నమస్కారాలు. సంక్రాంతి పిండివంటల డబ్బాలు ఖాళీ అయ్యాక తమరు వచ్చి వెళ్తారు. నైతిక విలువల పరీక్షదీ మీదీ ఒకటే జంట. విలువలకు ఒక పూట, భూమికి ఒక పూట. ఆ రెండూ గడిచాక పిల్లలు మళ్ళీ అసలు చదువులో పడతారు.

మీ వినయం చూస్తే ముచ్చటేస్తుంది. మీ మార్కులు మొత్తంలో కలవవు, ర్యాంకుకు అక్కరకు రావు. కానీ మీలో గట్టెక్కకపోతే ఇంటర్ పాసైనట్టు కాదు. అందుకే ప్రిన్సిపాళ్ళు ఏడాదికోసారి మిమ్మల్ని తలుచుకుంటారు, అదీ "ఆబ్సెంట్ మాత్రం అవ్వకండిరా" అని చెప్పడానికి. 2021లో కరోనా వేళ తెలంగాణలో మిమ్మల్ని ఇంటి నుంచే రాసి పంపమన్నారు. ఏ ఇంట్లో ఎవరి చేతిరాతతో రాశారో అడగడం మర్యాద కాదు లెండి.

మీరు దిక్కులేనివారేమీ కాదు. మీ వెనక సాక్షాత్తూ సుప్రీంకోర్టు ఉంది. 1991లో పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో, పర్యావరణాన్ని పిల్లలకు తప్పనిసరిగా చెప్పాలని తీర్పిచ్చింది. పుష్కరం గడిచినా సరైన కదలిక లేకపోతే 2003లో మళ్ళీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. మనవాళ్ళు కోర్టు మాట కాదనలేదు. హాజరును తప్పనిసరి చేశారు.

"ఓజోన్ పొరకు చిల్లు పడింది కనక ఎండలు మండిపోతున్నాయి" అని పిల్లలు రాస్తే ఎవరూ ఎర్ర సిరా వృథా చేయరు. ఆ చిల్లులోంచి వచ్చేవి అతినీలలోహిత కిరణాలు. భూమి వేడెక్కడానికి అసలు కారణం బొగ్గు, పెట్రోలు కాల్చగా గాలిలో చేరిన కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువులు వేడిని బయటికి పోనివ్వకపోవడం. పైగా 1987 మాంట్రియల్ ఒప్పందం పుణ్యమా అని ఓజోన్ పొర మెల్లగా కోలుకుంటోంది. ఈ లెక్కన నేరం చేసినవాణ్ణి వదిలేసి, ఆస్పత్రి నుంచి ఇంటికొస్తున్నవాణ్ణి పట్టుకున్నట్టే. అయినా పేజీ నిండితే చాలు కదా!

బైపీసీ పిల్లలకు ఇంకో దారి ఉండేది. ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి బయాలజీలో పర్యావరణ సమస్యల మీద ఒక అధ్యాయం ఉండేది. 2022లో చదువు భారం తగ్గిస్తున్నామని దాన్ని తీసేశారు. తర్వాత నీట్ సిలబస్‌లోంచీ పోయింది. ఆ రోజు నుంచి కోచింగ్ సెంటర్లలో భూమికి ఏ సమస్యా లేదు.

మీరు థియరీతో సరిపెట్టుకున్నా, వాతావరణం ప్రాక్టికల్స్ ఆపడం లేదు. మార్చి సగానికే ఒంటిపూట బడులు. గట్టి వాన పడితే కలెక్టర్ గారి సెలవు కోసం అర్ధరాత్రి దాకా వాట్సాప్ జాగారం. 2015 మే నెల వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు. 2018లో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి తోటల్ని నేలకూల్చింది. 2024 సెప్టెంబరులో ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు ఇళ్ళలోకి వచ్చేశాయి. సింగ్ నగర్‌లో జనం రోజుల తరబడి మేడల మీద పాలప్యాకెట్ల కోసం ఎదురుచూశారు. మీరేమో ఇంకా శబ్ద కాలుష్యం నివారణ మార్గాల దగ్గరే ఉన్నారు.

ఒక్క మనవి. వచ్చే ఏడాది ఒకే ఒక్క ప్రశ్న ఇవ్వండి: బుడమేరు ఇళ్ళలోకి ఎందుకు వచ్చింది?

సగం జవాబు తేలికే. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. అందుకే కురిసినప్పుడు కుండపోతగా కురుస్తుంది. ఎంపీసీ వాళ్ళు కావాలంటే లెక్క కట్టి చూపిస్తారు. చిక్కంతా మిగతా సగంతోనే. వాగు దారిలో ప్లాట్లు వేసిందెవరు, వాటికి అనుమతులిచ్చిందెవరు, గండ్లు పడేదాకా గట్ల వైపు చూడనిదెవరు అని పిల్లలు వరసగా రాసుకుంటూ పోతే, ఆ పేపర్‌కి కీ తయారు చేసే కమిటీ మొత్తం మెడికల్ లీవు పెట్టేస్తుంది.

ఇట్లు,
ఒక ఎంపీసీ విద్యార్థి తండ్రి

తా.క.: మావాడు మీలో పాసయ్యాడు. మీ పుస్తకం ఎక్కడ దొరుకుతుందో కనుక్కుంటున్నాడు, తమ్ముడి కోసం కాదు, చూడ్డానికి ఎలా ఉంటుందోనని.