మహారాజశ్రీ ఇతర ఖర్చులు గారికి, పర్లాకిమిడి గుమాస్తా విన్నపం

అయ్యా,

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి బజారులో ఒక బట్టల కొట్టులో చిట్టా, ఆవర్జా రాసుకుని బతికే గుమాస్తా నమస్కరించి రాసుకుంటున్న ఉత్తరం. ఇక్కడ మేమంతా ఒక మోస్తరు క్షేమం. మీరు మాత్రం దివ్యంగా ఉన్నారని మా ఇంటి లెక్కల పుస్తకం తెరిస్తే తెలుస్తూనే ఉంది. ఒకటో తారీఖున పేజీ అడుగున ఒక గీత కింద ఒద్దికగా కూర్చుంటారు. ఇరవయ్యో తారీఖు వచ్చేసరికి పక్క పేజీలోకి కాళ్ళు చాపేస్తారు.

ముందుగా ఒక సందేహం తీర్చండి. మా షావుకారు పుస్తకంలో మీకు చోటెందుకు లేదు? అక్కడ మూట దింపినవాడికి ఇరవై రూపాయలిస్తే ఆ ఇరవైకీ చీటీ ఉండాలి. ఎప్పుడైనా పొరపాటున మీ పేరు రాశానా, ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంటారు. మాటేమీ అనరు. ఆ తుడవడం చాలు. రాత్రి తొమ్మిది దాకా ఆయన లెక్క పైసా తేడా లేకుండా సరిపెట్టి, ఇంటికొచ్చి నా లెక్క ముందు కూర్చుంటే చీటీ లేదు, సంతకం లేదు, అడిగేవాడు లేడు. మీరొక్కరే ఉంటారు.

మా ఆదాయం మీకు తెలియంది కాదు గానీ నలుగురూ వింటున్నారు కాబట్టి చెప్తాను. నాకు జీతం 13,000. మా ఆవిడ జాకెట్లు కుట్టి, చీరలకు ఫాల్సు వేసి తెచ్చేది సగటున 2,500. ఇంటద్దె 3,000 పోతుంది. కిరాణా, కూరలు కలిపి 4,200. రేషన్లో మనిషికి 5 కిలోల బియ్యం వస్తున్నాయి కాబట్టే ఆ మాత్రంతో గట్టెక్కుతున్నాం. 2013 నుంచి కిలోకి రూపాయి ఇచ్చేవాళ్ళం, 2023 జనవరి నుంచి అదీ లేదు. పిల్లల బడి, ట్యూషన్ 2,000. గ్యాసు, కరెంటు 1,300. పాలు 900. అమ్మ మందులు 800. ఆవిడ గ్రూపు లోను 1,500. మిగిలిన 1,800 రూపాయలూ తమరి దర్బారు ఖర్చు. ఏ నెలైనా అందులో సరిపెట్టుకున్నారా?

ఆ మధ్య ఫోనులో ఒక పెద్దమనిషి పొదుపు పాఠం చెప్పాడు. ఆదాయంలో సగం అవసరాలకు, 30 శాతం కోరికలకు, 20 శాతం దాచుకోవడానికి అట. మాకు 30 శాతమంటే 4,650. అంత డబ్బు కోరికలకే పెట్టాలంటే ముందు కోరికలుండాలి కదా అని, రాత్రి భోజనాలయ్యాక ఆవిడా నేనూ కూర్చుని ఇంట్లో ఉన్నవన్నీ ఏరాం. మిక్సీ జారు మార్చడం, పెద్దాడికి బూట్లు, నా పిప్పిపన్ను పీకించుకోవడం. పన్ను పీకించుకోవడం కోరికా, అవసరమా అన్న దగ్గర తగువొచ్చి పాఠం అక్కడితో ఆగిపోయింది. ఆ పెద్దమనిషి వీడియోలో మీ పేరే లేదు. మిమ్మల్ని చూడనివాడు ఏం బడ్జెట్ రాస్తాడు?

ఇక అసలు సంగతికొస్తాను. మీ లీలల్లో మొదటిది పెట్రోలు. నాకు బండి లేదు, సైకిలే. అయినా పెట్రోలు ధర నా నెత్తి మీదికి ఎలా వచ్చిందో ఊరందరికీ తెలియాలి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి పట్నం ఇటు పడింది, ఆనుకునే ఉన్న పాతపట్నం అటు ఉండిపోయింది. గీత గీసినవాళ్ళకు పెట్రోలు గోల తెలియదు. అటు ఆంధ్రలో పెట్రోలు మీద 31 శాతం వ్యాటు, దాని పైన లీటరుకు 4 రూపాయలు, ఆ పైన రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. ఇటు వ్యాటు 28 శాతం. మొత్తానికి ఇక్కడ కొట్టించుకుంటే లీటరుకు ఏడెనిమిది రూపాయలు కలిసొస్తుంది. అందుకని పాతపట్నం నుంచి మా ఆవిడ పెదనాన్న కొడుకు ఆదివారం పూట బండేసుకుని వస్తాడు. ఇటు బంకులో ట్యాంకు నింపించి, సరిగ్గా పన్నెండున్నరకి మా గుమ్మంలో స్టాండు వేస్తాడు.

"ఏటి బావా, పెట్రోలు కోసం ఇంత దూరం వొచ్చి మిమ్మల్ని సూడకుండా ఎల్లిపోతే బాగుంటాదేటి?"

బాగుండదు. అన్నగారు వస్తే పప్పుచారుతో పంపిస్తే అంతకన్నా బాగుండదు. పిల్లాడు అరకిలో కోడి కోసం పరిగెత్తుతాడు, రెండోవాడు కూల్ డ్రింకు కోసం. ఎనిమిది లీటర్ల ట్యాంకు మీద ఆయనకు మిగిలింది అరవై రూపాయలు. ఆ అరవై మిగల్చడానికి నా పుస్తకంలో రెండు వందలు మీ పద్దు కింద పడతాయి. ఆంధ్రలో వ్యాటు తగ్గిస్తారా లేదా అని నాలాగా సైకిలు తొక్కుతూ ఎదురుచూసేవాడు ఇంకొకడుండడు.

ఒకసారి ఈ మాట గట్టిగానే అన్నాను. మా ఆవిడ కుట్టు మిషన్ మీద నుంచి తల ఎత్తకుండా, "మా అన్న తెచ్చిన మునక్కాడలు, పనసకాయ జమ వైపు రాశారేటి?" అంది. రాయలేదు. షావుకారు పుస్తకంలో మునక్కాడలు జమ రాసే పద్ధతి నేను నేర్చుకోలేదు. ఈ సందు చూసుకునే కదా మీరు పెరిగింది? మీరు పోయినప్పుడు ఖర్చుగా కనిపిస్తారు, మీ వల్ల వచ్చింది మాత్రం కూరగా ఉడికి మాయమవుతుంది.

మా చెల్లెలిది ఇంకో కథ. టెక్కలి వైపు ఉంటుంది. 2025 ఆగస్టు 15 నుంచి అక్కడ ఆడవాళ్ళకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. రాష్ట్రం దాటే బస్సుకు అది వర్తించదు. అందుకని పాతపట్నం దాకా ఉచితంగా వచ్చి, అక్కడి నుంచి ఆటో. ఆటో మా గుమ్మం ముందు ఆగాక చెల్లెలు పర్సు వెతుకుతూ ఉంటే అన్నయ్య చూస్తూ నిలబడతాడా? మా ఆవిడ అటు వెళ్ళాలంటే మాత్రం ఆధార్ ఒడిశాది, టికెట్ పూర్తిగా కొనాలి. ఉచితానికి కూడా మీరు ఖర్చు పుట్టించగలరని అప్పుడు తెలిసింది.

పండగల సంగతి ఎత్తితే మీరు నవ్వుతారు. సరిహద్దు ఊళ్ళో తెలుగువాడికి ఉగాది ఉంది, కాస్త వెనకాలే ఒడియా వాళ్ళ పణా సంక్రాంతి ఉంది. రెండూ కొత్త సంవత్సరాలే. జూన్ నడిమికి రజో పండగ. మూడు రోజులు ఉయ్యాలలు, ఆడపిల్లలకు కొత్త బట్టలు. తర్వాత రథయాత్ర, ఆ తర్వాత మన శ్రావణ శుక్రవారం, వినాయక చవితి, దసరా. మార్గశిరంలో గురువారం గురువారం ఒడియా ఇళ్ళలో లక్ష్మీపూజ. అది అయ్యిందో లేదో మన సంక్రాంతి. బట్టల కొట్టుకి ఇంతకన్నా మంచి కాలపట్టిక ఉండదు. కొట్టువాడి గుమాస్తాకి ఇంతకన్నా చెడ్డదీ ఉండదు.

ఇవన్నీ మేం చేసుకోం గదా అంటారా? గోడవతల ఒడియా వాళ్ళున్నారు. రజోకి ఆవిడ పోడపిఠా పంపిస్తుంది. బెల్లం, కొబ్బరి, ఏలకులు వేసి, అంచులు నల్లగా మాడేదాకా కాల్చింది, ఆకు వాసనతో. పిల్లలు ఆ మాడిన అంచు కోసం కొట్టుకుంటారు. తిన్నాక గిన్నె మిగులుతుంది. ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదు. శ్రావణంలో అందులో బూరెలు వెళ్తాయి. ఆవిడకీ ఖాళీ గిన్నె పంపకూడదని తెలుసు, దాల్మాతో, అంటే కూరముక్కలు వేసి వండిన ఒడియా పప్పుతో, తిరిగొస్తుంది. ఆ స్టీలు గిన్నె మొదట ఎవరిదో ఇప్పుడు రెండిళ్ళలోనూ ఎవరికీ గుర్తు లేదు. బెల్లం, నూనె, శనగపప్పు మాత్రం మీ పద్దులో చేరుతూనే ఉన్నాయి. ఈ ఒక్క చోట మిమ్మల్ని తిట్టడానికి నాకు నోరు రావడం లేదు. అయినా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఫోను గురించి ఒక ముక్క. నా జీతం నెలకి ఒకసారి వస్తుంది, రీచార్జి 28 రోజులకి ఒకసారి అయిపోతుంది. 28 ని 13 తో హెచ్చవేస్తే 364. అంటే ఫోను కంపెనీల లెక్కలో ఏడాదికి పదమూడు నెలలు. 30 రోజుల ప్లాను ఒకటైనా పెట్టాలని ఫోను కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ 2022 లో చెప్పింది. పెట్టారు. కొట్టు కుర్రాణ్ణి అడిగితే 28 రోజులదే ముందు చూపిస్తాడు. ఇంట్లో ఫోన్లు రెండు, ఒక్కోదానికి రెండు వందల లెక్కన ఆ పదమూడో నెల మా షావుకారు ఇవ్వడు. మీరే పెట్టుకుంటున్నారు, నా డబ్బుతో.

గ్రూపు లోను కిస్తీ మీ ఖాతా కాదని నేననుకున్నాను. పొరపడలేదు గానీ, మీకు అక్కడా ఒక కిటికీ ఉంది. గ్రూపులో ఒకావిడ కట్టకపోతే మిగిలినవాళ్ళు తలా ఇంత వేసి ఆ వారం నింపాలి. ఆ తలా ఇంత ఎప్పుడు ఎంతో ముందుగా తెలియదు. ఒక గురువారం చేతిలో లేక మా ఆవిడ ఒక ఉపాయం పన్నింది. ఒడియా ఇళ్ళలో గురువారం లక్ష్మీవారం, చేతి నుంచి డబ్బు బయటికి ఇవ్వరు. అదే మాట వసూలుకొచ్చిన కుర్రాడితో అంది. వాడు రసీదు పుస్తకం తెరుస్తూనే, "మాఉసీ, మీరు తెలుగోళ్ళు కదా, మీకు శుక్రవారం కదా పనికిరాంది!" అన్నాడు. శుక్రవారం రమ్మంటే మేం ఇవ్వమని వాడికి ముందే తెలుసు. ఇలాంటి కుర్రాణ్ణి మా షావుకారు చూస్తే నా ఉద్యోగం పోతుంది.

ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్ళకిచ్చే సుభద్ర పథకం డబ్బు గురించి మీరు చాలాసార్లు ఆరా తీశారు. ఏడాదికి పదివేలు, రాఖీ పున్నమికి ఐదు, మహిళా దినోత్సవానికి ఐదు, నేరుగా ఆవిడ ఖాతాలోకి. అది ఈ పుస్తకంలో ఎక్కడా రాయనివ్వలేదు ఆవిడ. "రాస్తే దానికి తెలిసిపోద్ది" అంది. అది అంటే తమరే. ఆ డబ్బుతో కుట్టు మిషన్‌కి మోటారు వచ్చింది. కాళ్ళ నొప్పి తగ్గి రోజుకి ఇంకో జాకెట్టు కుట్టగలుగుతోంది. ఇరవై ఏళ్ళ నుంచి లెక్కలు రాస్తున్న నాకు తట్టనిది అదే: మీ కంట పడని డబ్బే మా ఇంట్లో నిలిచింది.

అందుకని అయ్యా, ఇన్నాళ్ళూ మిమ్మల్ని ఇల్లరికపు అల్లుడిలా చూసుకున్నాం. ఎక్కడికెళ్ళారో అడగలేదు, ఎంత తిన్నారో అడగలేదు, అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడ్డాం. ఇకమీదట ఆ మర్యాద ఉండదు. మీ కింద దాక్కున్నవాళ్ళందరినీ పేరు పెట్టి బయటికి పిలిచాను.

పాతపట్నం బావకి, చెల్లెలి ఆటోకి, అలాంటి చుట్టాలందరికీ కలిపి నెలకి 500, "చుట్టాలు" అని సొంత పద్దు. బావ రాని నెల ఆ డబ్బు అక్కడే ఉండిపోతుంది, మీరు చెయ్యి పెట్టడానికి లేదు. పండగలకి ఏడాది ఖర్చు వేసి పన్నెండుతో భాగిస్తే నెలకి 600 పడింది. బట్టలు కొట్టులో తక్కువకి వస్తాయి కాబట్టి ఆ మాత్రం. జూన్‌లో రజో వచ్చిందని జూన్‌లో గుండె పట్టుకునే పని ఉండదు. ఫోన్లకి పదమూడో నెలతో సహా లెక్కేస్తే నెలకి 435. పోస్టాఫీసులో నెలనెలా వంద రూపాయలు కట్టే పొదుపు ఖాతా, ఆర్డీ, మొదలుపెట్టాను, ఇప్పటి 6.7 శాతం వడ్డీతో ఐదేళ్ళకి కట్టిన 6,000 కాస్తా 7,100 దాటుతుంది. ఒక నెల ఎగ్గొడితే వందకి రూపాయి జరిమానా. ఒక్క రూపాయే కదా అని మీరు నా చెవిలో అంటారు. అనకండి. నాలుగు నెలలు దాటి ఎగ్గొడితే ఖాతా ఆగిపోతుంది, మీకు కావలసింది అదే.

1,800 లో ఇవన్నీ పోగా 165 మిగిలింది. అది మీది. అందులో సైకిలు పంచరు, చెప్పుల కుట్టు, బల్బు మాడితే బల్బు. పిప్పిపన్ను మీ ఖాతాలోకి రాదు, దానికి జిల్లా ఆసుపత్రి చీటీ రాయించుకున్నాను.

ఈ ఏర్పాటు వచ్చే ఒకటో తారీఖు నుంచి అమలు. అభ్యంతరాలుంటే ఇరవయ్యో తారీఖు లోపు చీటీతో సహా తెచ్చుకోండి. నోటి మాట చెల్లదు. కళ్ళజోడు తుడుచుకోవడం నేనూ నేర్చుకున్నాను.

ఇట్లు,
తమ పాత బాకీదారు,
బట్టల కొట్టు గుమాస్తా