బీపీ జాతిని బట్టి వస్తుందా?

వాట్సాప్‌లో తిరుగుతున్న సందేశం ఇది: ఆఫ్రికా నుంచి బానిసల్ని ఓడల్లో తెచ్చినప్పుడు ఒంట్లో ఉప్పును పట్టి ఉంచే జన్యువున్నవాళ్లే బతికి బట్టకట్టారు, అమెరికా నల్లవారికి బీపీ ఎక్కువ అందుకే. ఏ జాతికైనా బీపీ పుట్టుకతో వచ్చేదే, ఉప్పు తగ్గించి లాభం లేదు.

ఓడల కథ: పశ్చిమాఫ్రికాలో ముందునుంచీ ఉప్పు కరువు ఉంది, అందుకే ఉప్పు పట్టి ఉంచే ఒళ్లు తయారయ్యాయి అన్న మాట మీద ఈ వాదన నిలబడింది. ఆ కరువుకు ఆధారాల్లేవని చరిత్రకారుడు ఫిలిప్ కర్టిన్ 1992లోనే రాశారు.

"నల్లవారికే ఎక్కువ": 2005లో అమెరికా పరిశోధకుడు రిచర్డ్ కూపర్ బృందం 140/90 హద్దుతో దేశాల లెక్కలు పక్కపక్కన పెట్టింది. బీపీ ఉన్న నల్లవారు నైజీరియాలో 13.5 శాతం, జమైకాలో 28.6, అమెరికాలో 44. తెల్లవారైతే అమెరికాలో 26.8, ఫిన్లాండ్‌లో 49, జర్మనీలో 55. పశ్చిమాఫ్రికా మూలాలే ఉన్న నైజీరియా, అమెరికా నల్లవారి మధ్య మూడింతల తేడా వచ్చింది. బరువు, తిండి, ఒంటి శ్రమ, బతుకు ఒత్తిడి చోటును బట్టి మారిపోతాయి మరి. కాదు, జన్యువులే అంటారా? అయితే జర్మన్లు ఏ ఓడెక్కి వచ్చారో చెప్పాలి.

"ఉప్పు జన్యువు": అలాంటిది ఒక్కటి లేదు. 2024లో పది లక్షల మందికి పైగా జన్యువులు గాలిస్తే బీపీతో ముడిపడ్డ గుర్తులు 2,103 తేలాయి. విడివిడిగా ఒక్కోటీ కదిపేది చాలా తక్కువ. అన్నీ కలిపి ఒక్కొక్కరికీ ఒక స్కోరు లెక్కేస్తే, స్కోరు ఎక్కువున్న పై పదో వంతు మందికీ తక్కువున్న కింది పదో వంతు మందికీ మధ్య పై బీపీలో 16.9 పాయింట్ల తేడా ఉంది. వంశపారంపర్యం అబద్ధమేమీ కాదన్నమాట. అయితే ఆ తేడా ఐరోపా సంతతివారి మధ్యే. అదే స్కోరు ఆఫ్రికా సంతతికి వాడితే అంచనా బలహీనపడుతుంది, ఎందుకంటే లెక్కలోకి తీసుకున్న గుర్తుకూ, దాని పక్కన ఉండి బీపీని నిజంగా కదిపే జన్యు మార్పుకూ ఉండే జత ఒక్కో సంతతిలో ఒక్కోలా ఉంటుంది. కాబట్టి రెండు జాతుల సగటు స్కోర్లు పోల్చి "వీళ్లకు జన్యువుల్లోనే ఎక్కువ" అనడం కుదరదు.

సంతతితో నిజంగా ముడిపడ్డది ఏపీఓఎల్‌1. ఈ జన్యువులోని రెండు మార్పులు ఆఫ్రికాలో నిద్రజబ్బు (ఈగ కాటుతో వచ్చే ప్రాణాంతక జబ్బు) నుంచి కాపాడినవి. అమెరికా నల్లవారిలో సుమారు 13 శాతానికి తల్లివైపు, తండ్రివైపు రెండు ప్రతుల్లోనూ వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. వాళ్లలో కొందరికి దెబ్బ కిడ్నీకి తగులుతుంది, కిడ్నీ చెడ్డాక బీపీ పెరుగుతుంది. "బీపీ వల్ల కిడ్నీ పోయింది" అని రాసిన కేసుల్లో కొన్ని ఇవే.

"ఉప్పు తగ్గించి లాభం లేదు": సందేశం ఇక్కడ తన గోతిలో తానే పడింది. ఒళ్లు ఉప్పును పట్టి ఉంచేదే అయితే, ఉప్పు తగ్గిస్తే ఫలితం ఇంకా ఎక్కువ కనబడాలిగా! ఉప్పు తగ్గిస్తే ఏమవుతుందో చూడ్డానికి అమెరికాలో జరిపిన డ్యాష్-సోడియం పరీక్షలో మామూలు తిండి మీదే నెల రోజులు ఉప్పు బాగా తగ్గిస్తే పై బీపీ సగటున 6.7 పాయింట్లు దిగింది. నల్లవారిలో ఇంకా ఎక్కువే దిగింది.

మందుల సంగతి: షుగర్ లేని నల్లవారికి ఏ వయసులోనైనా ముందు ఆమ్లోడిపిన్ కోవ మందు ఇవ్వమని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతాయి. ఆ మినహాయింపు దక్షిణాసియా వారికి లేదు. అక్కడున్న తెలుగువారికి 55 ఏళ్లలోపు మొదట రాసేది వేరే కోవకు చెందిన రామిప్రిల్, టెల్మిసార్టన్ లాంటి మందులే.